మెడ మీద మచ్చ, వయొలిన్ పెట్టె, వీపు మీద ఐదు రోజులు: నా అనుభవం

మొదట చూసింది మా అత్తయ్య. 2024 సెప్టెంబర్, వినాయక చవితి వెళ్ళిన రెండో రోజు. నేను పప్పుకి తిరగమోత పెడుతున్నాను. ఆవిడ పక్కకొచ్చి నా మెడ ఎడమ వైపు ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా నా కొంగు తీసి భుజం చుట్టూ కప్పి వెళ్ళిపోయారు. ఏమనుకున్నారో అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్ళయి పదహారేళ్ళు, పిల్లాడు తొమ్మిదో తరగతి. రాత్రి మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వారు. "పని ఫిడేలుది, నింద నాదీ" అన్నారు.

ఆయన సరదాకే అన్నారు. అది నిజంగా ఫిడేలు పనే అని తేలడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో నేను చేసిన పొరపాట్లు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదో ఏట నుంచి కర్ణాటక వయొలిన్ వాయిస్తున్నాను. ఇల్లు హైదరాబాద్ నల్లకుంటలో. పగలు ఒక ఆఫీసులో అకౌంట్స్, సాయంత్రాలు ఇంట్లోనే పిల్లలకి పాఠాలు. ఒంటి మీద వయొలిన్ గుర్తులు నాకు కొత్త కాదు. ఎడమ చేతి వేళ్ళ కొసలు గట్టిపడి ఉంటాయి. కింద కూర్చుని వాయిస్తాం కదా, వయొలిన్ తల ఆనే చోట కుడి చీలమండ మీద రూపాయి బిళ్ళంత కాయ కాసి ఉంటుంది. ఇవి మాకు జబ్బులు కావు. వేళ్ళు కాయలు కాయకపోతేనే మా మాస్టారు తిట్టేవారు.

2024 జూలైలో ఒక బృందంలో చేరాను. ఎనిమిది మందిమి, పెళ్ళి రిసెప్షన్లలో నిలబడి వాయిస్తాం. నిలబడి అంటే పాశ్చాత్య పద్ధతిలో, వయొలిన్‌ని భుజం మీద పెట్టి గడ్డంతో నొక్కి పట్టుకోవాలి. ముప్పై ఏళ్ళ అలవాటు మార్చుకోవడం కష్టమే అయినా ప్రోగ్రాముకి నాలుగు వేలు వస్తున్నాయి, పైగా సరదాగా ఉంది. రోజూ రెండు గంటలు నిలబడి సాధన చేశాను. ఏడెనిమిది వారాలకి ఆ మచ్చ వచ్చింది. దవడ ఎముక మూల కింద, బొటనవేలంత వెడల్పు, ఎర్రగా. మొదట్లో దురద కూడా లేదు.

దసరాకి దురద మొదలైంది. అప్పుడు చేసిన పనికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. వీధి చివర మెడికల్ షాపుకెళ్ళి మెడ చూపించాను. కౌంటర్లో కుర్రాడు ఒక్క చూపు చూసి "తామర అక్కా, ఇది పుయ్యండి" అని ట్యూబ్ ఇచ్చాడు. 95 రూపాయలు. నాలుగు రోజుల్లో మాయం! ఆ కుర్రాడి చేతి చలవ అనుకున్నాను. పూయడం ఆపిన వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండింతలు. మళ్ళీ ట్యూబ్. అలా దీపావళి దాటి నవంబర్ చివరిదాకా మూడు ట్యూబులయ్యాయి. చర్మం ఉల్లిపొర లాగా పల్చబడి, మెరుస్తూ, లోపలి సన్నటి నరాలు కనిపించేవి. ఆ ట్యూబులో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉన్నాయని తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది. స్టెరాయిడ్ దేన్నైనా నాలుగు రోజులు అణిచేస్తుంది, అందుకే మాయమైనట్టు కనిపించేది. అసలు కారణం అక్కడే ఉంటుంది, ఆపగానే లేస్తుంది.

డిసెంబర్ మొదటి వారంలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళాను. ఫీజు 700, రెండు గంటలు కూర్చోబెట్టారు, లోపల మూడు నిమిషాలు. అక్కడా తామరే అన్నారు. నాలుగు వారాలకి మాత్రలు, 2,240 రూపాయలు. ఏం పని చేస్తారని నన్ను అడగలేదు. ఆ మాటకొస్తే నేనూ చెప్పలేదు. అకౌంట్స్ చేసే మనిషికి మెడ మీద తామర వస్తే వాయించే వాద్యం గురించి ఎందుకు చెబుతాం? మాత్రలు పూర్తిగా వేసుకున్నాను. కడుపులో మంట వచ్చింది, మెడ మీద మంట తగ్గలేదు. మళ్ళీ వెళితే ఇంకో 700 తీసుకుని "ఇంకో నాలుగు వారాలు వాడండి" అన్నారు. వాడలేదు.

ఈలోగా ఇంకోటి మొదలైంది. కనురెప్పలు. పొద్దున లేస్తే పై రెప్పలు ఉబ్బి, పొడిగా పొట్టు రాలేవి. కాటుక పడటం లేదేమో అని కంపెనీ మార్చాను, తర్వాత కాటుకే మానేశాను. మెడకీ కళ్ళకీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

మలుపు తిరిగింది డాక్టర్ దగ్గర కాదు, జనవరిలో త్యాగరాజ ఆరాధనలో. పంచరత్నాల గోష్ఠికి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మచ్చ కనపడకుండా జుట్టు ముందుకి వేసుకున్నాను కూడా. అయిపోయి ప్రసాదం తీసుకుంటుంటే ఒక పెద్దాయన, డెబ్బై దాటిన వయొలిన్ విద్వాంసులు, నా దగ్గరకొచ్చి అడిగారు:

"అమ్మాయ్, ఈమధ్య నిలబడి వాయిస్తున్నావా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన తన మెడ చూపించారు. అదే చోట, గోధుమ రంగులో, ఎప్పుడో మానిపోయిన గరుకు మచ్చ. "మద్రాసులో రికార్డింగుల రోజుల్లో ఈ మచ్చ చూసే ఎవరు వయొలినో చెప్పేవాళ్ళం. అది మామూలే. కానీ నీది తడిసి ఉంది, ఎర్రగా పొక్కింది. అలా ఉండకూడదు. కళ్ళేమిటి, అలా ఉబ్బాయి? కమానుకి రోజిన్ జిగురు రుద్దాక కళ్ళు నలుపుకుంటావా?" అని, "డాక్టర్ దగ్గరికి వెళితే వయొలిన్ కూడా తీసుకెళ్ళు" అన్నారు. ఇంటికొచ్చాక ఏడ్చాను. భయంతో కాదు. ఐదు నెలల్లో మొదటిసారి ఒకరు నన్ను సరైన ప్రశ్న అడిగారు.

ఒంటికి ఏది పడటం లేదో తేల్చేది ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానం ఉన్న పదార్థాలని వీపు మీద అంటించి చూసే పరీక్ష. అది చేసే డాక్టర్ కోసం వెతకడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి స్కిన్ క్లినిక్‌లోనూ చేయరు. లేజర్లూ జుట్టు మొలిపించేవీ అన్నీ ఉంటాయి, ఇది మాత్రం ఉండదు. నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే ఒకచోట దొరికింది. అపాయింట్‌మెంట్ ఫిబ్రవరి 8, శనివారం.

ఆసుపత్రి గేటు దగ్గర నా చేతిలో వయొలిన్ పెట్టె చూసి సెక్యూరిటీ ఆపాడు. "ఏముంది మేడమ్ దీంట్ల? తెర్వుండ్రి" అన్నాడు. తెరిచాను. చూసి, "ఈడ ప్రోగ్రామ్ ఉందా?" అన్నాడు. లేదు, డాక్టర్‌కి చూపించాలి అన్నాను. నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూసి వదిలేశాడు. వెయిటింగ్ హాల్లో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పక్కనున్న పిల్ల "ఆంటీ, ఒక పాట" అని ఒకటే గోల.

డాక్టరమ్మ ముందు మచ్చ అంచు గీకి గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్‌కి పంపారు. 300 రూపాయలు, నలభై నిమిషాలు. ఫంగస్ లేదని, అంటే తామర కాదని వచ్చింది. నాలుగు వారాల మాత్రల గొడవ నలభై నిమిషాల్లో తేలిపోయింది! తర్వాత "వాయించి చూపించండి" అన్నారు. ఆ చిన్న గదిలో నిలబడి మోహన రాగంలో వర్ణం మొదలుపెట్టాను. రెండు ఆవర్తనాలకే ఆపమని, అద్దం చేతికిచ్చారు. మచ్చ నిజానికి ఒకటి కాదు, రెండు. పైది గడ్డం ఆనించే చిన్‌రెస్ట్ చెక్క అంచు నొక్కుకునే చోట. కిందది, తడిగా ఉన్నది, చిన్‌రెస్ట్‌ని వయొలిన్‌కి బిగించే ఇనుప క్లాంప్ ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడ. రెండు పుల్లల ఆకారం చర్మం మీద అచ్చు వేసినట్టుంది. అన్ని నెలలు రోజూ అద్దంలో చూసుకున్నా నాకు కనపడలేదు.

దూదిపుల్ల మీద రెండు సీసాల్లోంచి చెరో చుక్క వేసి ఆ క్లాంప్‌కి రుద్దారు. దూది గులాబీ రంగుకి మారింది. కొందరి ఒంటికి పడని నికెల్ అనే లోహం అందులో ఉందన్నమాట. "చిన్నప్పుడు గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవా?" అని అడిగారు. పడేవి. మా అమ్మ అందుకే బంగారం తప్ప పెట్టనిచ్చేది కాదు, అదేదో మా ఇంటి దర్జా అనుకునేదాన్ని.

ప్యాచ్ టెస్ట్ వెంటనే చేయలేదు. మంట కాస్త చల్లారాలి, వీపు మీద ఏ మందూ పూసి ఉండకూడదు. అలాగని మరీ ఆలస్యం చేస్తే ఎండలు ముదిరి, చెమటకి పట్టీలు ఊడిపోతాయి. అందుకని మార్చి 3, సోమవారం అని ఖాయం చేశారు. అప్పటిదాకా నిలబడి వాయించడం బంద్. బృందానికి ఫోన్ చేసి మూడు ప్రోగ్రాములు వదులుకున్నాను. మాఘమాసం, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజులు. పన్నెండు వేలు పోయాయి. మా ఆయనకి ఆ లెక్క చెప్పలేదు.

సోమవారం వీపు పై భాగంలో చిన్న చిన్న గుంటలున్న పట్టీలు అంటించారు. ఒక్కో గుంటలో ఒక్కో పదార్థం. మార్కర్‌తో చుట్టూ గీతలు గీశారు. ముందే చెప్పారు కాబట్టి నా రోజిన్ ముక్క కూడా తీసుకెళ్ళాను. దాన్ని పొడి చేసి వ్యాజలైన్‌లో కలిపి ఒక గుంటలో పెట్టారు. అంటించడానికి ఇరవై నిమిషాలు, నొప్పేమీ లేదు. సూదులుంటాయని భయపడ్డాను, ఒక్కటీ లేదు. పరీక్ష ఖర్చు 4,500. అడ్మిట్ కాలేదు కాబట్టి ఇన్సూరెన్స్ వర్తించదన్నారు.

కష్టమంతా తర్వాతే. శుక్రవారం దాకా వీపు తడపకూడదు. తలస్నానం లేదు. చెమట పట్టే పని చేయకూడదు. బరువులెత్తకూడదు, చేతులు బాగా చాచకూడదు. కమాను లాగడం కూడా చేతులు చాచడమే కదా, అందుకని ఐదు రోజులు పిల్లలకి నోటితోనే పాఠం చెప్పాను. మార్చిలోనే ఫ్యాను కింద చెమట. బోర్లా పడుకోవాలి, అలా పడుకుంటే నాకు నిద్ర రాదు. రంజాన్ మొదలైన రోజులు, మా వాడు హలీమ్‌కి వెళదామని రోజూ పీకేవాడు. వేడి హలీమ్ తింటే చెమట పడుతుందని నేను మానేసి, తండ్రీకొడుకుల్ని పంపాను. మంగళవారం రాత్రి వీపు మీద ఒక చోట దురద మొదలైంది. గోడకి రుద్దుకోవాలన్నంత దురద. గోక్కోకూడదు. అత్తయ్య విసనకర్ర పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. పాత ఉక్రోషం ఆ గంటలో పోయింది.

బుధవారం పట్టీలు తీసి ఒకసారి చూశారు. అది ఆఖరి ఫలితం కాదు, కొన్ని ఆలస్యంగా లేస్తాయి, అందుకే శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు. నా విషయంలో అదే జరిగింది. బుధవారం ఒక్క నికెలే పొక్కింది. శుక్రవారానికి ఇంకో రెండు ఎర్రబడ్డాయి: కొలోఫోనీ అనే పదార్థం, దాని పక్కనే నేను తీసుకెళ్ళిన రోజిన్ పొడి. కాగితం మీద నికెల్‌కి రెండు ప్లస్‌లు, మిగతా రెండిటికీ ఒక్కొక్కటి.

కొలోఫోనీ అంటే రోజినే. పైన్ చెట్టు జిగురు నుంచి టర్పెంటైన్ ఆవిరిగా తీసేశాక మిగిలేది. అది గాలి తగిలి పాతబడేకొద్దీ ఎలర్జీ పుట్టించే గుణం పెరుగుతుందట. నా రోజిన్ ముక్క పదకొండేళ్ళది. అరిగిపోలేదని గర్వంగా దాచుకున్నాను. కమానుకి రుద్దినప్పుడు లేచే తెల్లటి పొడి గాల్లో తేలి, శరీరంలో అన్నిటికంటే పల్చటి చర్మం మీద, అంటే కనురెప్పల మీద వాలుతుంది. వేళ్ళకి అంటినదాంతో కళ్ళు నలుపుకుంటే ఇక చెప్పక్కర్లేదు. పాపం, కాటుక తప్పేమీ లేదు.

డాక్టరమ్మ ఇచ్చిన జాబితా చూసి ఆశ్చర్యపోయాను. దెబ్బలకి వేసే కొన్ని రకాల అంటుడు పట్టీల్లో, పార్లర్‌లో జుట్టు తీసే మైనంలో కూడా ఇదే ఉంటుందట. రక్తపరీక్ష తర్వాత పట్టీ వేసిన చోట నాకు ఎప్పుడూ నలుచదరంగా దద్దురు వచ్చేది. పార్లర్‌కి వెళ్ళొచ్చాక రెండు రోజులు చేతులు మండేవి. "నీది సుకుమారమైన ఒళ్ళులే" అని వేళాకోళం చేసేవారు ఇంట్లో.

మందు విషయం త్వరగా చెప్పేస్తాను. పది రోజులు ఒక తేలికపాటి స్టెరాయిడ్, లెక్కపెట్టి. తర్వాత స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్. అది పూసిన మొదటి నాలుగైదు రోజులు మిరపకాయ రుద్దినట్టు మండుతుంది. నాకు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇది కూడా పడలేదని పారేసేదాన్ని. ఫ్రిజ్‌లో పెట్టి పూస్తే కాస్త నయం. మెడకి సబ్బు మానేసి, మాయిశ్చరైజర్ రాసుకోమన్నారు.

వయొలిన్‌కి చేసిన వైద్యమే పెద్దది. నికెల్ లేని క్లాంప్ కావాలని సికింద్రాబాద్‌లో వాద్యాల దుకాణాలన్నీ తిరిగాను. ఒకాయన "స్టీలే మేడమ్, ఏం కాదు" అని ఇచ్చాడు. ఇంటికి తెచ్చుకునే ముందు అదే దూదిపుల్ల పరీక్ష చేద్దామని ఆ సీసాలు ఆన్‌లైన్‌లో కొని పెట్టుకున్నాను. దుకాణంలోనే రుద్దాను. గులాబీ. ఆయన మొహం చూడాలి. చివరికి టైటానియం క్లాంప్ ఉన్న చిన్‌రెస్ట్‌ని ముంబైలో ఉన్న స్నేహితురాలు కొని పంపింది. 8,600 రూపాయలు, ఇరవై రెండు రోజులు. అది వయొలిన్ మధ్యలో బిగించే రకం, క్లాంప్ మెడకి తగలనే తగలదు. పాతదాన్ని తీసేటప్పుడు తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. నల్లచేవ చెక్క అని అమ్మినది మామూలు చెక్కకి రంగు వేసినదన్నమాట.

రోజిన్ సంగతి ఇంకా గమ్మత్తు. ఎలర్జీ చేయనిదని పెట్టె మీద రాసి ఉన్నది ఒకటి కొన్నాను, 1,150. డాక్టరమ్మ "రాసినంత మాత్రాన నమ్మకండి, మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు కొంచెం రాసి పది రోజులు చూడండి" అన్నారు. ఐదో రోజుకి మడత ఎర్రబడింది. ఇంకోటి 1,900. పది రోజులూ ఏమీ కాలేదు. నాదం కాస్త పొడిగా ఉంది, కింది స్థాయిలో గరుకు తగ్గింది. నా చెవికే తెలుస్తుంది, వినేవాళ్ళకి కాదు. బృందంలో మిగతా ఏడుగురి రోజిన్ పొడి సంగతి ఏమిటని డాక్టరమ్మని అడిగాను. దూరంగా నిలబడండి, అయ్యాక మొహం కడుక్కోండి అన్నారు. ఇప్పుడు నేను చివర, ఫ్యాను గాలి ముందు నాకే తగిలే వైపు నిలబడతాను.

ఏప్రిల్‌లో అంతా మానిపోయింది. మళ్ళీ బృందంలో చేరాను. మే నెల, షామియానా కింద పెళ్ళి, రాత్రి తొమ్మిదికి కూడా ఉక్క. మూడో ప్రోగ్రాముకి మెడ మళ్ళీ ఎర్రబడింది! ఇంత ఖర్చుపెట్టాక! ఆ రాత్రి వయొలిన్ అమ్మేద్దామన్నంత కోపం వచ్చింది. జూన్‌లో వెళితే డాక్టరమ్మ "ఇది ఎలర్జీ కాదు, తడి లేదు, పొక్కులు లేవు. ఇది ఒట్టి రాపిడి, చెమట. ఎందుకంత గట్టిగా నొక్కుతున్నారు?" అన్నారు.

ఎందుకో అప్పటికి తెలియదు. మారేడ్‌పల్లిలో పాశ్చాత్య సంగీతం నేర్పే మాస్టారి దగ్గర మూడు పాఠాలు చెప్పించుకున్నాను, ఒక్కోటి వెయ్యి. ఆయన మొదటి పాఠంలోనే పట్టేశారు. కూర్చుని వాయించేటప్పుడు వయొలిన్ ఒక కొస ఎదకీ భుజానికీ, ఇంకో కొస పాదానికీ ఆని ఉంటుంది. చెయ్యి స్వేచ్ఛగా పైకీ కిందకీ జారుతుంది, స్వరాన్ని ఊపే గమకాలు అలా పలుకుతాయి. నిలబడినప్పుడు పాదం ఆసరా లేదు. నేను తోడి రాగం పలికించబోయి చెయ్యి జార్చగానే వయొలిన్ కూడా చేతి వెంట జారబోతుంది, దాన్ని ఆపడానికి దవడ బిగుస్తుంది. రిసెప్షన్ పాటల్లో సమస్య లేదు. మధ్యలో నేను ఉత్సాహపడి రాగం ఎత్తుకున్నప్పుడల్లా మెడకి శిక్ష. ఆయన వయొలిన్ కింద భుజం మీద ఆనే షోల్డర్ రెస్ట్ ఎత్తు పెంచి, నలభై నిమిషాలకోసారి వయొలిన్ దించమన్నారు. ఆలాపన ఉంటే కుర్చీ అడిగి కూర్చుని వాయిస్తున్నాను. నిర్వాహకులకి నచ్చదు, అయినా అడుగుతాను.

డైరీలో లెక్క చూస్తే డాక్టర్లు, మందులు, పరీక్షలు, చిన్‌రెస్ట్, రోజిన్లు, పాఠాలు అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. వదులుకున్న ప్రోగ్రాములు కాక. అందులో మొదటి నాలుగు వేలు పూర్తిగా వృథా.

2025 ఆగస్టులో చివరిసారి చూపించుకున్నాను. గోధుమ రంగు మరక మిగిలింది, దురద లేదు, రెప్పలు మామూలుగా ఉన్నాయి. మరక పోవడానికి నెలలు పట్టొచ్చు, పోకపోవచ్చు కూడా అన్నారు. లేచేటప్పుడు డాక్టరమ్మ నా చీలమండ మీద కాయ చూసి "దీనికి కూడా ఏదైనా రాయమంటారా, మెత్తబడుతుంది" అన్నారు. వద్దండీ అన్నాను, కొంచెం గట్టిగానే అన్నానేమో, నవ్వారు.

చిన్‌రెస్ట్ మీద రోజుకొక శుభ్రమైన నూలుగుడ్డ వేయాలి. అత్తయ్య తన పాత వాయిల్ చీర చింపి ఏడు తొడుగులు కుట్టారు, చివర దారాలతో సహా. మొదటిది అంచు వైపు గుడ్డతో కుడితే గీరుకుంది, దాన్ని విప్పి మళ్ళీ కుట్టారు. సబ్బు మిగిలితే మండుతుంది కాబట్టి మూడు నీళ్ళలో జాడించాలి. మొన్న ఆదివారం బాల్కనీ తీగ మీద ఆరేసిన వాటిలో ఒకటి గాలికి కింది ఇంటివాళ్ళ వరండాలో పడింది. వాళ్ళమ్మాయి పైకి తెచ్చిచ్చి, "పాప గుడ్డ పడిపోయిందండీ, మీ ఇంట్లో ఎవరి పాప?" అని అడిగింది.

"మా ఫిడేలుదమ్మా" అన్నారు అత్తయ్య.